కిన్‌డార్గ్ ఇంటి తలుపు

పొద్దున్న ఏడింటికి ఎర్ర వ్యాను తాళం తిప్పుతాను.
మూడు ఊళ్ళు, నూట పన్నెండు గడపలు,
నడుమ గడప లేని ఇల్లొకటి.

కిన్‌డార్గ్ హౌస్ అని పటంలో ఇంకా ఉంది.
వెళ్ళి చూస్తే గోడలు,
పొయ్యిగూట్లో మొలిచిన రోవన్ మొక్క.
మేడమెట్లు పదకొండు ఎక్కొచ్చు,
పన్నెండో అడుగు వానలో వెయ్యాలి.

ఊరు మొదట ఆ ఇంటి ముందే ఉండేదట.
దొరగారు కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడితే
ఏటికీ ఆయనకీ మధ్య
ఆరేసిన బట్టలు, పీట్ పొగ, ఎవరిదో దగ్గు.
కంట్లో నలుసు.
ఒక్క వేసవిలో తీయించేశాడు.
ముప్ఫై ఒక్క కుటుంబాలు
దూలాలు పీక్కుని భుజాన మోసుకుంటూ గుట్ట దాటాయి.
దూలాలెందుకంటే, చెట్లన్నీ ఆయనవే.
కొత్త ఊరికి ఆయన భార్య పేరు పెట్టారు, జెమైమాటౌన్.
మేం మాత్రం కొత్తూరనే అంటాం,
రెండొందల ఏళ్ళయినా.

మా నాన్న స్లేటు పనివాడు.
ఆ కప్పు మా ముత్తాత వేశాడు, మా నాన్న తీశాడు.
కప్పున్న ఇంటికే పన్ను, ఆ రోజుల్లో.
చివరి దొర దగ్గర పన్నుకి డబ్బు లేదు,
కప్పు తీసే కూలికీ లేదు.
స్లేట్లే కూలి అనుకోవయ్యా గెడ్డెస్, అన్నాడట,
చలికి కాదు గానీ గొంతు వణుకుతూ.
ఒక స్లేటు వెనక మేకుతో గీకిన రాత
నాన్న నాకు చూపించాడు:
“గాలి. జీతం ఇంకా రాలేదు.”
అది ఇప్పుడు మా వంటింట్లో ఉంది, జున్ను కోసుకుంటాం.

తర్వాత ఆ ఇంటిని ఊళ్ళు తిన్నాయి
హడావిడి లేకుండా, ఎముకలు కూడా వదలకుండా.
ఆర్న్‌బెగ్‌లో బస్సు కోసం కూర్చునే బల్ల
ఒకప్పుడు గ్రంథాలయం బీరువా.
పబ్బులో పనివాళ్ళ గంటల పలక వేలాడుతుంది.
నీలిగది గంట మోగిందంటే మూలబల్లకి రెండు బీర్లు.
ఆ గంటకి మెట్లు ఎక్కీ దిగీ
ఊనా మక్‌హార్డీ నాయనమ్మ మోకాళ్ళు అరిగాయి.
ఊనా కూర్చునే మోగిస్తుంది,
దాహం లేకపోయినా, రోజుకొకసారి.

వాటీ రెన్నీ సంగతి సరేసరి.
ఇల్లు పీకి పందిరేస్తారు లోకంలో,
వాడు కోళ్ళగూడు వేశాడు.
వీధి తలుపు మొత్తం, ఓక్ చెక్కది, ఏడడుగులు,
సింహం నోట్లో ఇత్తడి కడియం,
ఉత్తరాలు వేసే సందు.
లోపల పదహారు కోళ్ళు.

మొన్న ఒక కవరు వచ్చింది.
న్యూజిలాండ్ స్టాంపు, దాని మీద నాకు పేరు తెలియని పిట్ట.
“ఇంటివారికి, కిన్‌డార్గ్ హౌస్.”
వెనక స్ట్రాకన్ అని సంతకంలాంటి రాత.
కొత్తూరి సమాధిరాళ్ళ మీద ఆ పేరు ఎక్కడా లేదు.
ముప్ఫై ఒక్కమందిలో అందరూ గుట్ట దగ్గరే ఆగలేదేమో.

తిప్పి పంపాలి, రూలు ప్రకారం.
వ్యాను ఆపి చాలాసేపు కూర్చున్నాను.
చిరునామా ఇంటిది. ఇల్లంటే తలుపే కదా అనుకుని
వాటీ పెరట్లోకి వెళ్ళి
ఇత్తడి రెప్ప ఎత్తి లోపలికి జారవిడిచాను.
ఒక్కసారిగా రెక్కల గోల.

ఈ ఉదయం గేటు దగ్గరే కాసుకుని ఉన్నాడు,
కవరు మీది రెట్ట చొక్కా చేతికి తుడుస్తూ.
నా ఇంటికే వేశావుగా, విప్పాను, అన్నాడు.
ఎవరో ముసలావిడ. మేడ గురించి ఒక్క ముక్క లేదు.
పాత ఊళ్ళో బావి ఉండేదట, ఉందా అని అడుగుతోంది.
ఏం రాయమంటావు?

దొర పచ్చిక కింద పూడ్చిన బావి.
ఇప్పుడు అక్కడ గొర్రెలు మేస్తాయి.
ఎండ ముదిరి గడ్డంతా మాడిన ఏడు
ఒక్కచోట మాత్రం గుండ్రంగా,
బండి చక్రమంత, పచ్చ.

ఉందని రాయి, అన్నాను.
వాటీ ఆరు గుడ్లు చేతిలో పెట్టాడు,
ఇంకా వెచ్చగా ఉన్నాయి.